వెంటనే బయలుదేరు

"ఎల్లు" అన్నాడు నారాయణమూర్తి.

అంతే, ఒక్క మాట. చోడి అంబలి కలుపుతున్న నీలవేణి చేతిలో గరిటె ఆగిపోయింది. పెళ్ళయి తొమ్మిదేళ్ళు. అడిగిన వెంటనే ఆ మనిషి సరేనన్న సంగతి ఒక్కటంటే ఒక్కటి ఆమెకి గుర్తు రాలేదు. తమ్ముడి పెళ్ళికి నాలుగు రోజులు ముందుగా విజయనగరం వెళ్తానంటే మూడు వారాలు నానబెట్టి రెండు రోజులు ముందు పంపించాడు. చెప్పుల జత కొనుక్కుంటానంటే పాత జతకేం వచ్చిందని చేత్తో తిరగేసి చూశాడు. అలాంటిది, సముద్రం దాటి సిలోను వెళ్ళి పదహారు రోజులకి వస్తానంటే, చదువుతున్న పేపర్లోంచి తలైనా ఎత్తకుండా "ఎల్లు" అన్నాడు.

సంతోషం రావాలి. చెప్పొద్దూ, ముందు అనుమానం వచ్చింది.

"నిజంగా ఎల్లమంటన్నావా బావా?" అంది.

"ఎన్నిసార్లు సెప్పాలే? వద్దంటే ఎందుకొద్దంటావు, ఎల్లమంటే ఎందుకెల్లమన్నావంటావు. మీ ఆడోళ్ళతో ఏటి సావొచ్చీసింది" అని పేపరు మడిచి స్నానానికి లేచాడు.

గుమ్మంలో చేట పట్టుకుని ఉలవలు చెరుగుతున్న జగ్గమ్మ చెయ్యి కూడా ఆగింది. ఆవిడ నారాయణమూర్తి తల్లి. నీలవేణికి నాన్న అక్క, అంటే మేనత్త, పెళ్ళయ్యాక అత్తగారు. మేనత్తే అత్తగారైతే ఇక సుఖమేనని ఊళ్ళో వాళ్ళంటారు గానీ, తిట్టే నోటికి చుట్టరికం అడ్డు రాదు. కొడుకు నీళ్ళ గదిలోకి వెళ్ళిందాకా ఆగి, "ఒసే నీలా, ఆడు ఎల్లమన్నాడేటే? ఇదేదో ఉన్నాది. నా కొడుకుని నానెరగనేటి? నన్ను సింహాచలం తీసికెల్లరా అంటే మూడేళ్ళు పట్టింది ఆడికి" అంది. ఆ ఇంట్లో అత్తాకోడళ్ళిద్దరికీ ఒకే మాట తోచడం అదే మొదలు.

ఇంతకీ సిలోను సంగతి ఇదీ. నీలవేణి ఆమదాలవలసలో ఆడపిల్లల బళ్ళో డ్రిల్లు టీచరు. గైడ్స్ పిల్లల్ని కూడా ఆమే చూస్తుంది. ఆ వేసవిలో జిల్లా క్యాంపుకి విశాఖపట్నం నుంచి వచ్చిన గైడ్స్ కమిషనరమ్మ, క్యాంపు స్థలం పటం తప్పుగా ఉందని ఈమె సుద్దముక్కతో బోర్డు మీద సరిదిద్దుతుంటే చూసింది. "ఇది ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అని అడిగితే నీలవేణి "ఊరికే, ఇంట్లోనండీ" అంది. రెండు నెలలు తిరక్కుండా ఉత్తరం వచ్చింది. సిలోను కొండల్లో, తేయాకు తోటల మధ్య, గైడ్స్ టీచర్లకి చిన్న పందెం ఒకటి పెడుతున్నారు. చేతికి ఒక పటమూ, ఒక దిక్సూచీ ఇస్తారు. అడవిలో పది చోట్ల ఎర్ర గుడ్డలు కట్టి ఉంచుతారు. దారి ఎవరూ చెప్పరు. పటం చూసుకుని ఒక్కొక్క గుడ్డనే వెతికి, అక్కడున్న ముద్ర కార్డు మీద వేసుకుని, తొందరగా తిరిగొచ్చిన వాళ్ళు గెలిచినట్టు. దాన్ని ఓరియంటీరింగ్ అంటారట. దక్షిణాది నుంచి నలుగురు వెళ్తారు, ఖర్చంతా సంఘానిది, అందులో నీ పేరు రాశాను, వస్తావా అని ఉత్తరం. ఆ ఉత్తరం నీలవేణి బడి వరండాలో నిలబడి మూడుసార్లు చదివింది. ముప్ఫై ఒక్కేళ్ళ వయసులో తనని పేరు పెట్టి రమ్మన్నది ఆ ఒక్క కాగితమే. వెళ్ళి తీరాలనిపించింది. అంత గట్టిగా ఒకటి కావాలనిపించడం ఆమెకి కొత్త.

"ఊరికే, ఇంట్లోనండీ" అన్నది అబద్ధం కాదు. నారాయణమూర్తి సర్వేయరు. పొలాల్లో గొలుసు లాగించి, రాయి నుంచి రాయికి కొలతలు పుస్తకంలో రాసుకొస్తాడు. ఆ అంకెలన్నీ పటంగా మారేది మాత్రం వంటింటి పక్క గదిలో. పెళ్ళయిన కొత్తలో ఆమె పని ఇంకు సీసా అందించడం. తర్వాత అంచు గీతలు గీయమన్నాడు. "ముగ్గులేసే సెయ్యి కదే, నీకు బాగొస్తాది" అన్నాడు. రెండో ఏడు తిరిగేసరికి కొలతలు చదివేదీ, గీసేదీ, తప్పు కూడికలు పట్టుకునేదీ ఆమే అయింది, కింద సంతకం పెట్టేది మాత్రం ఆయన. బడి నుంచి వచ్చి, పొయ్యి వెలిగించి, ఉడుకు వచ్చే లోపల రెండు గట్లు గీసేది. నడుం నొప్పంటే, "ఇంట్లో కూసుని గీతలు గీయడం కూడా ఒక పనేటి? నాలాగ ఎండలో తిరుగు, తెలుస్తాది" అనేవాడు. శ్రీకాకుళం ఆఫీసులో నారాయణమూర్తి షీటంటే కళ్ళకద్దుకోవచ్చని పేరు. ఆ మాట ఇంటికొచ్చి చెప్పేటప్పుడు ఆయన ముఖంలో మొహమాటమన్నది ఉండేది కాదు. ఆమె కూడా నవ్వి ఊరుకునేది. ఆ నవ్వులు తలుచుకుంటే ఇప్పుడు తన మీద తనకే ఒళ్ళు మండుతుంది.

అలా ఆమె మీద ఆధారపడ్డ మనిషి, పదహారు రోజులు వదిలేసి వెళ్ళమంటున్నాడు. ఎందుకు?

పక్కింటి దేముడమ్మ చేతులు తిప్పుతూ తేల్చేసింది. "మగోడు అంత సుళువుగా ఎల్లమన్నాడంటే ఇల్లు ఖాళీ గావాలన్నమాటే అమ్మా. సూసుకో మరి." ఛీ, మా బావ అలాంటోడు కాదు అంది గానీ, మర్నాడు చొక్కాలు ఉతికేటప్పుడు జేబులు తిరగేసింది. బస్సు టిక్కెట్లు, సుద్దముక్క, నలిగిన వక్క పొట్లం. కాలరు వాసన చూసింది, చెమట వాసన తప్ప మరేం లేదు. పోనీ సిలోను నుంచి ఏమైనా తెమ్మంటాడేమో, అందుకేనేమో అనుకుంది. అక్కణ్ణుంచి వచ్చినవాళ్ళు నైలాను చీరలూ, సబ్బులూ, వాచీలూ పట్టుకొస్తారని లోకమంతా చెప్పుకునే రోజులవి. ఈయన వాచీ మాటైనా ఎత్తలేదు. ఎత్తకపోవడం ఇంకా అనుమానం.

బళ్ళో పెద్ద టీచరమ్మ సెలవు కాగితం వెనక్కిచ్చింది. "నీ ఒక్కదాని సంతకం చాలదు. మీ ఆయనకి అభ్యంతరం లేదని ఆయన చేత రాయించుకురా" అంది. ఇదే పెద్ద టీచరమ్మ, ఇనస్పెక్టరు వచ్చిన రోజున పాఠాలు చెప్పే టీచర్లందర్నీ కుర్చీల్లో కూర్చోబెట్టి, డ్రిల్లు టీచరు కదా చురుగ్గా ఉంటుందని ఈమె చేత కాఫీలు మోయించింది. నీలవేణి ఆ కాగితం ఇంటికి తెచ్చి భర్త ముందు పెట్టింది. ఇక్కడ అడ్డుపడతాడు చూడు, అనుకుంది. ఆయన చదివి, "నాకు ఏ విధమైన అభ్యంతరమూ లేదు" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, కింద గీత కూడా గీసి ఇచ్చాడు. ఆమె ఆ రోజు అన్నం సరిగా తినలేకపోయింది.

పాస్‌పోర్టు కోసం పోలీసు విచారణ వచ్చినప్పుడు మాత్రం చిన్న పోగు దొరికింది. అది అరవై ఎనిమిదో సంవత్సరం. కొండల మీద ఏజెన్సీలో గొడవలు రాజుకుంటున్నాయి. ఊరికి కొత్త మనిషొస్తే ఎవడు నువ్వని అడుగుతున్నారు. హెడ్డు కానిస్టేబులు పోతురాజు కుర్చీలో కూర్చుని, టోపీ ఒళ్ళో పెట్టుకుని, అర్జీ చూసి కనుబొమలు ముడిచాడు.

"మేపు సూసుకుని అడివిలో పరిగెత్తడమేటమ్మా? ఆడోళ్ళకి మేపెందుకు? ఎవులు నేర్పినారు?"

నీలవేణి నోరు తెరవబోయింది. నారాయణమూర్తి కాఫీ గ్లాసు ఆయన చేతికందిస్తూ అడ్డొచ్చాడు. "దానికేటి తెలుసు బాబూ. పిల్లలతో ఆటలాడిస్తాది, అంతే. అయినా రోజులు బాగోలేవు. మేపులంటన్నారు, కొండలంటన్నారు. మీరు మాత్రం మొహమాటపడకండి. రాయాల్సింది రాసీయండి. మా మనిషని సూడకండి."

ఆ ముక్క ఒకసారి కాదు, గుమ్మం దాకా సాగనంపుతూ మళ్ళీ అన్నాడు. "మొహమాటపడకండి బాబూ." పోతురాజు వింతగా చూసి వెళ్ళాడు. పెళ్ళానికి మంచి చెప్పమని బతిమాలే మొగుళ్ళని చూశాడు గానీ, ఇలాంటివాణ్ణి ఆయన కూడా చూసి ఉండడు. నీలవేణి గ్లాసు కడుగుతూ నిలబడింది. మనసులో ఏదో కదిలింది గానీ పేరు పెట్టలేకపోయింది.

పేరు దొరికింది పాస్‌పోర్టు వచ్చిన రోజున. పోస్టుమేను రిజిస్టరు కవరు ఇచ్చాడు, ఆమె సంతకం పెట్టి విప్పింది. నారాయణమూర్తి అప్పుడే ఆఫీసు నుంచి వచ్చి సైకిలు గోడకి ఆనిస్తున్నాడు.

"వచ్చీసిందేటి?" అన్నాడు.

ఆ ఒక్క క్షణం వాడిపోయిన ఆయన ముఖం చూసింది నీలవేణి. ఓలమ్మా, ఇదా సంగతి! వద్దనే పని ప్రభుత్వం చేస్తుందనుకున్నాడు. పోలీసు వద్దంటాడు, కాకపోతే పై వాళ్ళు వద్దంటారు, తను ఎందుకు చెడ్డవాడవ్వాలి? వెళ్ళమన్న మంచి పేరు తనకుండాలి, వెళ్ళకుండా ఆగిపోవడం ఆమె తలరాత అవ్వాలి. మూడు నెలలుగా జేబులు వెతికిన తన తెలివికి నవ్వొచ్చింది. నవ్వు వెనకాలే ఏడుపొచ్చింది. ఇంకో ఆడదుంటే బాగుండేదేమో అని కూడా అనిపించింది. అందులో కనీసం ఒక కోరికన్నా ఉంటుంది. ఇందులో ఏముంది? తన చెయ్యి ఆయన బల్ల మీదే ఉండిపోవాలి, అంతే కదా.

ఆయన ఇక వద్దనలేడు, కాగితం మీద రాసిచ్చాడు కదా. అందుకని పని తెచ్చాడు. ఆ నెలాఖర్న పై అధికారి తనిఖీ ఉందట. కొలతల పుస్తకాలు సంచీలో మోసుకొచ్చి బల్ల మీద పేర్చాడు. పద్నాలుగు షీట్లు. "ఇయి సేసీసి ఎల్లు, నిశ్చింతగా ఉంటాది" అన్నాడు, ఆమె నిశ్చింత కోసమే అన్నట్టు. ఆమె ఇంకు సీసా మూత తీసి కూర్చుంది. బడి అయ్యాక ఊరవతల కొండ మీద పరుగు సాధన చేయాలని అనుకున్న రోజులన్నీ ఆ గదిలో కరిగిపోయాయి. పద్నాలుగూ పూర్తి చేసింది. బయల్దేరే రోజు మధ్యాహ్నం ఆయన మరో మూడు తెచ్చాడు.

"ఇయ్యేటి?" అంది.

"మర్సిపోయాను. బండికింకా నాలుగు గంటలున్నాది కదే."

"నాలుగు గంటలున్నాది. నాను తలంటుకోవాల, పెట్టి సర్దుకోవాల. వచ్చాక గీస్తాను బావా."

ఆయన ఆ మూడూ బల్ల మీద పెట్టి బయటికి వెళ్ళిపోయాడు. ఆయన అలా వెళ్ళిపోవడం ఆమెకి ఎప్పుడూ మంచిగా అనిపించదు. జగ్గమ్మ మాత్రం కోడలు లేని ఇంట్లో కొడుక్కి వండిపెట్టడం తన వల్ల కాదని తేల్చి, కళింగపట్నంలో కూతురు గురమ్మ ఇంటికి బట్టలు మూట కట్టుకుంది. "ఆడు హోటల్లో తింటాడులే. అల్లుడింట్లో పొద్దుకో రకం సేప. పది రోజులు నాను కూడా దేశం తిరుగుతాను" అంది. వెళ్తూ వెళ్తూ, "పిల్లా జెల్లా లేదు, నీకేటి అడ్డే, పరిగెట్టుకో" అని ఒక పోటూ పొడిచింది. దీవెనో ఎత్తిపొడుపో ఆవిడకే తెలియాలి.

శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో మెయిలెక్కి, మద్రాసులో మిగతా ముగ్గురితో, కమిషనరమ్మతో కలిసి, రామేశ్వరంలో పడవెక్కి, అవతల ఒడ్డున మళ్ళీ రైలెక్కి, కొండల్లోకి చేరడానికి అయిదు రోజులు పట్టింది. ఆ అయిదు రోజులూ ఆమె సుఖపడలేదు. ప్రతి స్టేషన్లో ఎవరో వచ్చి పేరు పిలిచి దింపేస్తారనే భయం. పడవ మెట్ల మీద కూడా వెనక్కి తిరిగి చూసింది. మైసూరు నుంచి వచ్చిన టీచరు, "ఏం చూస్తున్నావు, ఎవరైనా వస్తున్నారా?" అని అడిగితే, "రాకుండా ఉంటే బాగుణ్ణని చూస్తున్నా" అంది. ఆ పిల్ల నవ్వింది.

తేయాకు తోట మధ్యలో గుడారాలు. చలి. పొద్దున్నే మంచు కమ్ముకుని పది గజాల అవతల మనిషి కనపడడు. అక్కడ మూడు రోజులు ఉండేసరికి భుజాలు కాస్త సడలాయి. ఎవరో వండిన అన్నం ఎవరో వడ్డిస్తే తింటోంది. తిన్న కంచం మొదటిరోజు తనే కడగబోతే, ఆ పనికి వేరే మనుషులున్నారన్నారు. చేతులేం చెయ్యాలో తెలియక ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పందెం రేపనగా, సాయంత్రం టీ వేళకి, తోట ఆఫీసు జవాను టెలిగ్రాం పట్టుకొచ్చాడు.

MOTHER SERIOUS START IMMEDIATELY. తల్లికి సీరియస్, వెంటనే బయలుదేరు. కింద భర్త పేరు.

కమిషనరమ్మ చదివి, దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేసింది. "ధైర్యంగా ఉండమ్మా. పడవ ఎల్లుండి గానీ లేదు. కనుక్కున్నాను. రేపు పందెంలో నీ పేరు కొట్టేస్తాను, నువ్వు గుడారంలోనే విశ్రాంతి తీసుకో." అప్పటికే తక్కిన ఆడవాళ్ళు చుట్టూ చేరి అయ్యో అయ్యో అంటున్నారు. ఒకామె నీళ్ళు తెచ్చింది. అందరూ ఆమె ముఖంలోకి చూస్తున్నారు, ఎప్పుడు ఏడుస్తుందా అని.

నీలవేణి ఆ కాగితాన్నే చూస్తోంది. ఆ మాటలు ఆమెకి కొత్త కాదు. నారాయణమూర్తికి సెలవు కావాల్సి వచ్చినప్పుడల్లా ఆఫీసుకి చేరే టెలిగ్రాం ఇదే. మందసలో స్నేహితుడి ఇంట పెళ్ళికి ఇదే, ఒకసారి వరసగా మూడు సినిమాలు చూడ్డానికి కూడా ఇదే. నారాయణమూర్తి, సర్వేయర్ అని తన చిరునామా కూడా తనే ఫారం మీద రాసిచ్చి, ఊళ్ళో స్నేహితుడు సోములు చేత ఇప్పించేవాడు. ఆయనొక్కడే కాదు, ఆ ఆఫీసులో అందరూ అంతే, తల్లి లేనివాళ్ళు తండ్రిని వాడతారు. ఆఫీసు లెక్కన జగ్గమ్మ ఇప్పటికి ఆరుసార్లు చావుబతుకుల్లో పడి లేచింది. కానీ ఆరుసార్లు అబద్ధమైనంత మాత్రాన ఏడోసారి నిజం కాకూడదని ఉందా? అరవై ఏళ్ళు దాటిన మనిషి. ఒంట్లో రక్తపోటు ఉంది. తిట్టినా కొట్టినా నాన్న తోడబుట్టిన మనిషి, తనకి జ్వరమొస్తే ధనియాల కషాయం కాచి నోట్లో పోసిన మనిషి.  నిజమైతే? నిజంగా పోతూ ఉంటే, తను ఇక్కడ పరుగు పందెం గురించి ఆలోచిస్తోందా? తనేం ఆడది?

మళ్ళీ కాగితం చూసింది. పంపింది శ్రీకాకుళం హెడ్డు పోస్టాఫీసు నుంచి, పగలు పదకొండు దాటి అయిదు నిమిషాలకి. అత్త ఉన్నది కళింగపట్నంలో. అక్కడా తంతి ఆఫీసుంది. తల్లి మంచాన పడితే కొడుకు ఆఫీసు వేళకి శ్రీకాకుళంలో ఏం చేస్తున్నట్టు? పోనీ, మందుల కోసం వచ్చి ఉండొచ్చు కదా. ఉండొచ్చు. అప్పుడు కంటపడింది సంతకం. నారాయణమూర్తి, సర్వేయర్. పెళ్ళానికి, తల్లి పోతోందని చెప్పే కబురు కింద ఎవడైనా తన ఉద్యోగం రాసుకుంటాడా? అందులోనూ ఈ మనిషి! మాటకింత చొప్పున పడుతుందని టెలిగ్రాములో నమస్కారం కూడా మింగేసే మనిషి! ఆఫీసు బల్ల ముందు కూర్చుని, ఆఫీసు బుద్ధితో, ఎప్పుడూ రాసే సెలవు టెలిగ్రాము చెయ్యి అలవాటు కొద్దీ రాసేశాడు. మూడు షీట్లు బల్ల మీద ఉండిపోయాయి. తనిఖీ దగ్గరికొచ్చింది. అదీ సీరియస్సు.

అలా అనుకుంది గానీ, పూర్తిగా నమ్మలేదు. తన అనుమానం మీద కూడా అనుమానమే. పరిగెత్తాలన్న ఆశే ఈ లెక్కలన్నీ కట్టిస్తోందేమో? జవాను వెళ్ళిపోకముందే ఫారం అడిగి, కళింగపట్నం ఆడపడుచు పేరున నాలుగు మాటలు రాసిచ్చింది. అత్తకెలా ఉంది, వెంటనే తెలుపు. భర్తని కాదు, ఆడపడుచుని అడిగింది.

"నా పేరు కొట్టెయ్యకండమ్మా" అంది తర్వాత.

కమిషనరమ్మ నిర్ఘాంతపోయింది. "అదేమిటి? అత్తగారు ఆ స్థితిలో ఉంటే పరిగెత్తుతావా?"

"పడవ ఎల్లుండి కదండీ. రేపు నేను పరిగెత్తినా ఎల్లుండే వెళ్తాను, కూర్చుని ఏడ్చినా ఎల్లుండే వెళ్తాను."

"లోకం ఏమంటుందమ్మా? నేను నీ భర్తకి ఏం జవాబు చెప్పుకోవాలి?"

"ఈ కబురు నిజమని నాకు నమ్మకం లేదండీ."

"అబద్ధమని నీకు తెలుసా?"

"తెలీదు. అనుమానం."

"అనుమానం పెట్టుకుని పరిగెత్తుతావా?"

"అనుమానం పెట్టుకుని తొమ్మిదేళ్ళు కాపురం చేశానమ్మా. ఒక్క పూట పరిగెత్తలేనా?"

ఆ మాట అంత గట్టిగా ఎలా వచ్చిందో ఆమెకే తెలీదు. నీళ్ళు తెచ్చినామె గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.  కమిషనరమ్మ "పాపం నీ నెత్తినే" అని గుడారంలోకి వెళ్ళిపోయింది. పేరు మాత్రం కొట్టలేదు.

మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి పదకొండుమంది ఆడవాళ్ళు గీత దగ్గర నిలబడ్డారు. నీలవేణి చీరని గోచీ పోసి కట్టింది, కొండ పొలాల్లో నాట్లు వేసే ఆడవాళ్ళు కట్టినట్టు. మిగతా టీచర్లు ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరూ ఆమెతో మాట్లాడలేదు. రాత్రి నుంచీ అంతే. రాతిగుండెదని ముఖాల మీదే రాసుంది. పటం చేతికిచ్చారు. తోట పాత ప్లాను నుంచి క్యాంపు వాళ్ళు చేత్తో నకలు తీసింది. అంగుళానికి పదహారు గొలుసులని మూల రాసుంది. ఇదేం కొలత, గజాల్లో లేదా, మీటర్లలో లేదా అని పక్కామె గొణిగింది. నీలవేణికి మాత్రం పుట్టింటి మనిషి ఎదురైనట్టయింది. గొలుసంటే అరవై ఆరడుగులు. తన నడకలో ఇరవై ఆరు అంగలు. తొమ్మిదేళ్ళు ఆ లెక్క మీదే బతికింది, కాకపోతే కుర్చీలో కూర్చుని. ఇప్పుడు కాళ్ళతో నడుస్తోంది.

మొదటి మూడు గుడ్డలూ తేలిగ్గా దొరికాయి. లోపల మాత్రం ఒక్క అంగా తేలిగ్గా లేదు. ఒకటి రెండు మూడు అని అంగలు లెక్కపెడుతుంటే మధ్యలో అత్త దగ్గు వినిపించేది. ఇరవై ఆరు, ఒక గొలుసు. ఇప్పటికి పోయిందేమో. ఇరవై ఆరు, రెండు గొలుసులు. దీపం పెట్టారేమో. ఒరే బావా, ఇది అబద్ధమైతే నీ పని చెప్తాను, నిజమైతే నా ముఖం నేను ఎలా చూసుకోను! పళ్ళు బిగించి లెక్క మళ్ళీ మొదటికి తెచ్చుకునేది.

నాలుగో గుడ్డకి దారి చీలింది. పటంలో ఒక కాలిబాట ఆరు గొలుసుల దూరం లోయలోంచి తిన్నగా ఉంది. తక్కినవాళ్ళు అటే పరిగెత్తారు, గొంతులు కిందనుంచి వినిపిస్తున్నాయి. నీలవేణి ఆగింది. కొండ మీద ఏ బాటా ఆరు గొలుసులు తిన్నగా పోదు. మనిషి కాళ్ళు వేసిన బాట వంకర్లు తిరుగుతుంది. ఈ గీత నేల మీద నడిచినవాళ్ళు గీసింది కాదు, బల్ల ముందు కూర్చుని, ఇలా ఉంటుందిలే అని స్కేలు పెట్టి లాగింది. అలాంటి గీతలు తనూ లాగింది, ఆయన పుస్తకంలో కొలతలు లేని చోట. గీసే వాళ్ళ సంగతి గీసే వాళ్ళకే తెలుస్తుంది. లోయలోకి దిగలేదు. గట్టు వెంబడి చుట్టు తిరిగి, దిక్సూచి ముల్లు చూసుకుంటూ పైనుంచి దిగింది. ఎర్ర గుడ్డ ఒక తేయాకు పొద వెనక కనపడింది. ముద్ర గుద్దుకుంటుంటే ఆమెకి పెద్దగా నవ్వొచ్చింది. ఒక్కతే, మంచులో, పిచ్చిదానిలా నవ్వింది.

మూడోదిగా వచ్చింది. ఇద్దరు సిలోను టీచర్లు ముందు వచ్చేశారు, వాళ్ళది ఆ కొండే. ఎవరో టవలు కప్పారు. "నీలవేణి, ఇండియా" అని పలక మీద రాశారు. మిసెస్ నారాయణమూర్తి అని రాయలేదు. ఆమె ఆ పలక వంక చూస్తూ ఊపిరి తీసుకుంటూ ఉండగానే నిన్నటి జవాను కనపడ్డాడు.  ఆమె కాగితం అందుకుని, విప్పకుండానే కమిషనరమ్మ వైపు చాచింది. కమిషనరమ్మ తీసుకుని విప్పి, చదివి, నీలవేణి ముఖం చూసి, మళ్ళీ చదివి, పైకి చెప్పింది.

"అమ్మ క్షేమం. నిన్న సంతకెళ్ళింది. అన్నయ్య ఇక్కడికి రాలేదు. ఎందుకడిగావు? గురమ్మ."

నీలవేణి నేల మీద కూర్చుండిపోయింది. అప్పుడు ఏడ్చింది. నిన్న వాళ్ళంతా ఎదురు చూసిన ఏడుపు ఇవాళ, వెక్కి వెక్కి. అత్త బతికున్నందుకు ఏడ్చింది. తల్లి చావుని పెళ్ళాం మీదకి విసిరిన మొగుడి కోసం ఏడ్చింది. పది గుడ్డలకీ మధ్య అడుగడుక్కీ తను చంపుకుంటూ వచ్చిన ఆ ముసలిదాని కోసం ఏడ్చింది. కమిషనరమ్మ పక్కన కూర్చుని, "నన్ను క్షమించమ్మా" అంది. కాసేపాగి, "పోనీలే, కడుపులో పెట్టుకో. మగాళ్ళు అంతే. రేపు పడవెక్కి వెళ్తున్నానని ఒక ముక్క కొట్టు, గొడవ వదిలిపోతుంది" అంది.

ఇద్దరూ తోట పోస్టాఫీసుకి నడిచి వెళ్ళారు. చిన్న పెంకుటిల్లు, ఒక కిటికీ. రేపు బయలుదేరుతున్నాను అని కమిషనరమ్మ తనే రాసి ఇచ్చిన ఫారం నీలవేణి చేతిలో ఉంది. దాన్ని చూసింది. నాలుగు మడతలు పెట్టి బొడ్లో దోపుకుంది. రేపు ఆమె బయలుదేరడం లేదు. క్యాంపు ఇంకా రెండు రోజులుంది, ఉంటుంది. కిటికీలో ఇంకో ఫారం అడిగి తీసుకుని, నిలబడే ఇంగ్లీషులో రాసింది. పటం మీద అక్షరాలు రాసినట్టు ఒక్కొక్కటీ విడివిడిగా, గుండ్రంగా, ఎవరు చదివినా తప్పు పోకుండా రాసింది.

కమిషనరమ్మ భుజం మీదుగా చదివింది.

నారాయణమూర్తి, సర్వేయర్, సర్వే ఆఫీసు, శ్రీకాకుళం. అత్త క్షేమం. తొమ్మిదేళ్ళు మీ షీట్లు నేను గీశాను. ఇక మీరు గీసుకోండి. నీలవేణి, డ్రిల్ టీచర్.

"అయ్యో, ఆఫీసుకి రాశావేమిటమ్మా!" అంది కంగారుగా. "హెడ్డు గుమాస్తా విప్పుతాడు. బంట్రోతుతో సహా అందరూ చదువుతారు. ఇంటి అడ్రసు రాయి."

"ఇంటికి పంపితే ఆయనొక్కడే చదువుతాడండీ" అంది నీలవేణి, ఫారం కిటికీలోంచి లోపలికి తోస్తూ.